చేతిలో మెత్తదనం వేరు, ఒంట్లో మెత్తదనం వేరు: సిలికోన్ బ్రెస్ట్ ఇంప్లాంట్ ఎంపికలో అసలు చిక్కు

సర్జన్ టేబుల్ మీద మూడు నాలుగు శాంపిల్ ఇంప్లాంట్లు ఉంటాయి. ఒకటి తీసి చేతిలో పెట్టి నొక్కి చూడమంటారు. వేళ్ల మధ్య నుంచి జారిపోతుందేమో అన్నంత మెత్తగా ఉంటుంది. ఇంకోటి ఇస్తారు, అది కాస్త బిగువుగా, నొక్కితే వెంటనే వెనక్కి తన్నుతుంది. ఎవరికైనా మొదటిదే నచ్చుతుంది. చాలామందికి నిర్ణయం అక్కడే, ఆ అర నిమిషంలోనే అయిపోతుంది. తర్వాత డాక్టర్ ఏం చెప్పినా మనసు ఆ మొదటిదాని దగ్గరే ఉంటుంది.

అక్కడే తేడా కొడుతుంది. చేతిలో పట్టుకున్నప్పుడు ఇంప్లాంట్ మీద ఏమీ ఉండదు. ఒంట్లోకి వెళ్లాక దాని మీద చర్మం, కొవ్వు, రొమ్ము కణజాలం, కొన్నిసార్లు కండరం, వీటన్నిటికీ తోడు శరీరం తనంతట తాను దాని చుట్టూ అల్లుకునే ఒక పొర కూడా ఉంటుంది. రేపు మీ చేతికి తగిలేది వీటన్నిటి మొత్తం. అందులో జెల్ ఒక వాటాదారు మాత్రమే, ఒక్కోసారి చిన్న వాటాదారు. అందుకే మెత్తగా ఉండేది కావాలా, షేప్ నిలబడేది కావాలా అన్న ప్రశ్నకి జెల్‌తో మొదలుపెట్టి జవాబు వెతికితే దారి తప్పుతాం. కానీ జెల్ సంగతి తెలియకుండా మిగతాది అర్థం కాదు కాబట్టి ముందు అదే చూద్దాం.

లోపల ఉన్నది ఏమిటి

సిలికోన్ అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. గొలుసులు విడివిడిగా ఉంటే అది నూనె, పోస్తే పారుతుంది. వాటిని అక్కడక్కడా ఒకదానికొకటి ముడివేస్తే (ప్లాటినం ఉత్ప్రేరకంగా వాడి చేస్తారు) ఒక వల తయారవుతుంది, ఆ వల మిగిలిన నూనెని స్పాంజ్ నీళ్లు పట్టినట్టు పట్టి ఉంచుతుంది. అదే జెల్. ముడులు తక్కువైతే మెత్తన, బాగా కదులుతుంది. ముడులు ఎక్కువైతే బిగువు, పోసిన అచ్చు ఆకారాన్ని వదలదు. ముడులు ఇంకా పెంచుకుంటూ పోతే జెల్ కాస్తా రబ్బరు అవుతుంది. ఇంప్లాంట్ బయటి షెల్ ఆ రబ్బరే. అంటే నూనె, జెల్, షెల్ మూడూ ఒకే కుటుంబం, ముడుల లెక్కే తేడా.

ఈ ఒక్క విషయం పట్టుకుంటే చిక్కు సగం విడిపోతుంది. మెత్తదనాన్ని ఇచ్చేది ఏదో షేప్‌ని తీసేసేది కూడా అదే. కదలగలిగే జెల్ కాబట్టే మెత్తగా తగులుతుంది, కదలగలిగే జెల్ కాబట్టే నిలబడినప్పుడు కిందికి దిగుతుంది, పైభాగం ఖాళీ అవుతుంది, అక్కడ షెల్‌కి లోపల దన్ను లేక ముడత పడుతుంది. రెండూ పూర్తిగా ఇస్తాం అని ఎవరైనా అంటే అది సేల్స్ మాట.

కోహెసివ్, అంటే విడిపోకుండా ఒకటిగా అతుక్కుని ఉండేది అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు మార్కెట్లో ఉన్న సిలికోన్ జెల్ ఇంప్లాంట్లన్నీ ఎంతో కొంత కోహెసివే, కోస్తే నూనెలా కారిపోయేవి ఇప్పుడు లేవు. కాబట్టి "మీది కోహెసివ్ జెల్" అన్న మాటలో సమాచారం దాదాపు సున్నా. ఎంత కోహెసివ్ అన్నదే ప్రశ్న. మెంటర్ కంపెనీ తన జెల్‌లకి 1, 2, 3 అని అంకెలు ఇచ్చింది, 1 మెత్తనిది, 3 బిగువైనది, కనీసం అర్థమవుతుంది. అలర్గన్ కంపెనీ నాట్రెల్ ఇన్‌స్పిరా వరుసలో మాత్రం రెస్పాన్సివ్, సాఫ్ట్‌టచ్, కోహెసివ్ అని మూడుంటాయి. అందులో సాఫ్ట్‌టచ్ అనే పేరున్నది అన్నిటికన్నా మెత్తనిది కాదు, మధ్యది. అన్నిటికన్నా మెత్తనిది రెస్పాన్సివ్. పేరు పెట్టినవాళ్లకి దండం. ఒక కంపెనీ స్కేలుని ఇంకో కంపెనీ స్కేలుతో పోల్చడానికీ లేదు, ఎవరి కొలబద్ద వాళ్లదే.

జెల్ బిగువుతో పాటు షెల్‌ని ఎంతవరకు నింపారన్నది కూడా చూడాలి. దీన్ని పెద్దగా ఎవరూ అడగరు. దిండు గలీబులో దూది కాస్త తక్కువ పెడితే దిండు మెత్తగా ఉంటుంది కానీ గుడ్డ ముడతలు పడుతుంది, కుక్కి కుక్కి పెడితే గుడ్డ నున్నగా ఉంటుంది, తల పెట్టుకుంటే రాయి. అచ్చం అంతే. మెత్తని జెల్‌నే షెల్ నిండా నింపితే ముడతలు తగ్గుతాయి, పైభాగం కాస్త నిలబడుతుంది, మెత్తదనం కొంచెమే తగ్గుతుంది. ఈమధ్య వచ్చిన చాలా మోడళ్లు ఈ దారినే పట్టాయి. జెల్‌ని గట్టిపరచకుండా నింపుడు పెంచడం నాకు తెలివైన రాజీగానే అనిపిస్తుంది. కాబట్టి "ఏ జెల్" అని అడిగిన నోటితోనే "షెల్ ఎంతవరకు నిండి ఉంటుంది" అని కూడా అడగండి.

అరవై ఏళ్లుగా ఊగుతున్న ఊయల

ఈ రాజీ కొత్తది కాదు. మొట్టమొదటి సిలికోన్ ఇంప్లాంట్ 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పెట్టారు, థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే ఇద్దరు సర్జన్లు. ప్లాస్టిక్ సంచిలో ఉన్న రక్తాన్ని చేత్తో నొక్కినప్పుడు జెరోకి ఈ ఆలోచన తట్టిందని చెప్తుంటారు. అంటే కథ మొదలైందే స్పర్శతో. కానీ ఆ మొదటి తరం ఇంప్లాంట్ మాత్రం మందపాటి షెల్, కన్నీటి చుక్క ఆకారం, ఒకచోట అతుక్కుని ఉండటానికి వెనకాల డాక్రాన్ (ఒక రకం పాలిస్టర్) గుడ్డ ముక్కలతో బాగా గట్టిగా ఉండేది.

గట్టిగా ఉందన్న ఫిర్యాదులతో 1970లలో ఊయల అటు ఊగింది. షెల్ పల్చన చేశారు, జెల్ పల్చన చేశారు. చేతికి చాలా సహజంగా అనిపించేవి అవే. కానీ అవే ఎక్కువగా పగిలాయి, పగలకపోయినా షెల్ గుండా సిలికోన్ నూనె బయటికి ఊరేది. 1980లలో షెల్‌లో అడ్డుపొర పెట్టి, జెల్‌ని కాస్త చిక్కబరిచి మళ్లీ ఇటు వచ్చారు. 1992లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ సిలికోన్ జెల్ ఇంప్లాంట్లని సాధారణ వాడకం నుంచి ఆపేసి, క్యాన్సర్ తర్వాత రొమ్ము పునర్నిర్మాణానికి, పరిశోధనలకి మాత్రమే వదిలింది. 2006లో మళ్లీ అనుమతి ఇచ్చింది. 2012, 2013లలో బాగా బిగువైన, ఆకారం వదలని జెల్ ఇంప్లాంట్లు అక్కడ అనుమతి పొందాయి. గమ్మీ బేర్ అని జనం పిలిచేవి ఇవే, నిలువుగా కోసినా లోపలిది ముక్కలా నిలబడి ఉంటుంది, కారదు.

షేప్ పక్షం గెలిచినట్టే కనిపించింది అప్పట్లో. తర్వాత జరిగింది చూడండి.

కన్నీటి చుక్క ఆకారం, దానికి కట్టిన మూల్యం

బిగువైన జెల్‌తో వచ్చినవాటిలో ఎక్కువ పేరున్నవి అనాటమికల్ ఇంప్లాంట్లు, అంటే పైన పల్చగా కింద నిండుగా ఉండే కన్నీటి చుక్క ఆకారం. గుండ్రటిది లోపల గిరగిరా తిరిగినా ఎవరికీ తెలియదు, గుండ్రం ఎటు తిప్పినా గుండ్రమే. అనాటమికల్ మాత్రం పక్కకి తిరిగితే రొమ్ము ఆకారమే వంకరపోతుంది, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. తిరగకుండా ఉండాలంటే కణజాలం దాన్ని పట్టుకోవాలి, పట్టుకోవాలంటే ఉపరితలం గరుగ్గా ఉండాలి. అలా షేప్ కావాలన్న కోరిక గరుకు షెల్‌ని వెంటబెట్టుకొచ్చింది.

ఆ గరుకుతనమే తర్వాత పెద్ద తలనొప్పి అయింది. ఇంప్లాంట్ చుట్టూ ఉండే పొరలో వచ్చే ఒక అరుదైన లింఫోమాకి, బ్రెస్ట్ ఇంప్లాంట్లకి సంబంధం ఉండొచ్చని 2011లో ఎఫ్‌డీఏ మొదటిసారి హెచ్చరించింది, తర్వాత అది ఎక్కువగా గరుకు రకాలతోనే ముడిపడి ఉందని తేలింది. దాన్ని బీఐఏ-ఏఎల్‌సీఎల్ అంటారు, ఇది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక వ్యవస్థ కణాల్లో వచ్చే క్యాన్సర్. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది. 2019 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ బాగా గరుకైన రకాలని నిషేధించింది, అదే ఏడాది జులైలో ఎఫ్‌డీఏ కోరిక మీద అలర్గన్ తన బయోసెల్ గరుకు ఇంప్లాంట్లని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇప్పటికే వాటిని పెట్టించుకుని ఏ ఇబ్బందీ లేనివాళ్లు తీయించుకోవాల్సిన పని లేదని కూడా ఎఫ్‌డీఏ అప్పుడే చెప్పింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పక్క అకస్మాత్తుగా వాపు వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి, తొందరగా పట్టుకుంటే ఎక్కువమందికి ఇంప్లాంట్‌ని చుట్టూ ఉన్న పొరతో సహా తీసేయడంతో నయమవుతుంది.

దాంతో ఊయల మళ్లీ ఇటు ఊగింది. నున్నటి షెల్, గుండ్రటి ఇంప్లాంట్, మెత్తన నుంచి మధ్యస్థం దాకా జెల్, బాగా నింపిన షెల్. మరి షేప్ ఏమైంది? మెత్తని జెల్ ఉన్న గుండ్రటి ఇంప్లాంట్‌ని నిలబెట్టి చూస్తే జెల్ తన బరువుకి కిందికి దిగి, అది తనంతట తానే ఇంచుమించు కన్నీటి చుక్క ఆకారంలోకి వస్తుంది. పడుకుంటే మళ్లీ పరుచుకుంటుంది, అసలు రొమ్ము చేసేదీ అదే కదా. అచ్చులో పోసిన అనాటమికల్ మాత్రం పడుకున్నా లేచినా ఒకే తీరుగా ఉంటుంది. మోటివా వాళ్ల ఎర్గోనోమిక్స్ రకం ఈ కదలికనే అమ్మకపు పాయింటుగా చేసుకుని వచ్చింది, 2024 సెప్టెంబర్‌లో అమెరికాలోనూ అనుమతి వచ్చింది. కంపెనీ పొగడ్తల్ని పక్కన పెట్టినా ఈ ఆలోచనలో నిజం ఉంది: షేప్ అంటే కదలనిదే అవ్వాలని లేదు.

అసలు ప్రశ్న: మీ దగ్గర పైకప్పు (ఇంప్లాంట్‌ని కప్పే సొంత కణజాలం) ఎంత?

ఇప్పుడు జెల్ వదిలేసి మనిషి దగ్గరికి వద్దాం. మంచి సర్జన్ శాంపిళ్లు చూపించడానికి ముందు రొమ్ము పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, లేదా కాలిపర్ పెట్టి మందం కొలుస్తారు. దీన్ని పించ్ టెస్ట్ అంటారు. ఆ చిటికెడు 2 సెంటీమీటర్లకి తక్కువైతే ఇంప్లాంట్ అంచు, ముడతలు బయటికి కనిపించే అవకాశం ఎక్కువని లెక్క. అలాంటప్పుడు ఇంప్లాంట్ పైభాగాన్ని ఛాతీ కండరం కిందికి తోస్తారు, కింది భాగాన్ని కణజాలం కిందే వదిలేస్తారు. డ్యూయల్ ప్లేన్ అనే పద్ధతి అదే.

ఈ రెండు వేళ్ల కొలత మీద నాకున్న నమ్మకం ఏ జెల్ బ్రోషర్ మీదా లేదు. ఎందుకంటే పైన సొంత కణజాలం బాగా ఉన్నవాళ్లలో జెల్ 1 పెట్టినా 2 పెట్టినా బయటి నుంచి తాకి తేడా చెప్పడం కష్టం. మెత్తగా తగిలేది వాళ్ల సొంత కణజాలమే, ఇంప్లాంట్ ఎక్కడో లోపల ఉంటుంది. వాళ్లు మెత్తదనం గురించి టెన్షన్ పడక్కర్లేదు. బాగా సన్నగా ఉన్నవాళ్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వేలికి తగిలేది దాదాపు ఇంప్లాంటే కాబట్టి మెత్తని జెల్ కావాలని వాళ్లకే ఎక్కువగా అనిపిస్తుంది. మెత్తని జెల్ ముడతలు బయటికి కనిపించేదీ వాళ్లలోనే, ముఖ్యంగా బయటి పక్కన, కింద, ముందుకి వంగినప్పుడు. అంటే మెత్తన ఎక్కువ అవసరమున్న చోటే దాన్ని భరించే శక్తి తక్కువ. ఈ మొత్తం వ్యవహారంలో అసలైన పీటముడి ఇదే, దీనికి జెల్ మార్చడం ఒక్కటే మందు కాదు. సైజు తగ్గించడం, కండరం కింద పెట్టడం, ఒంట్లో ఇంకోచోట కొవ్వు తీసి ఇంప్లాంట్ పైన పల్చని పొరగా ఎక్కించడం, ఇవన్నీ ఉన్నాయి. కొవ్వు ఎక్కించడంలో ఎక్కించినదంతా నిలవదు, కొంత ఒంట్లో కలిసిపోతుంది, అది ముందే తెలుసుకుని ఉండాలి.

కండరం కింద పెట్టడం కూడా ఉచితం కాదు. చేత్తో బరువు తోసినప్పుడు, వ్యాయామం చేసేటప్పుడు కండరం బిగిసి ఇంప్లాంట్‌ని నొక్కుతుంది, కొందరికి రొమ్ము పక్కకి జరిగినట్టు కళ్లకి కనిపిస్తుంది. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లు ఇది ముందే చెప్పాలి.

చర్మం బిగువు ఇంకో కొలత. పిల్లలు పుట్టాకనో బాగా బరువు తగ్గాకనో చర్మం వదులైన రొమ్ములో మెత్తని ఇంప్లాంట్ పెడితే అది ఆ వదులు సంచిలో అడుగుకి చేరుతుంది, పైన ఖాళీ అలాగే ఉంటుంది. చనుమొన రొమ్ము కింది మడత కంటే కిందికి దిగి ఉంటే ఏ ఇంప్లాంటూ దాన్ని పైకి లేపదు, దానికి లిఫ్ట్ సర్జరీ వేరే చెయ్యాలి. గట్టి జెల్ పెడితే నిలబడుతుందేమో అని ఆశపడేవాళ్లు ఉన్నారు, జెల్ దానికి సరిపోదు, బరువు పెంచి ఇంకా కిందికి లాగుతుంది. మరోవైపు పుట్టుకతోనే రొమ్ము కింది భాగం ఇరుగ్గా, బిగుసుకుపోయి ఉన్నవాళ్లుంటారు. అక్కడ మెత్తని జెల్ చేతులెత్తేస్తుంది, చర్మం దాన్ని నొక్కి తన ఆకారంలోకి తెచ్చుకుంటుంది. బిగువైన జెల్ అయితే తనే చర్మాన్ని తోసి తన ఆకారంలోకి తెస్తుంది. జెల్‌కీ చర్మానికీ మధ్య ఎవరు గెలవాలి అన్నది ముందే తేల్చుకోవాలి, బిగువు జెల్‌కి నిజంగా పని ఉండేది ఇలాంటి చోట్లే.

క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేశాక చేసే పునర్నిర్మాణం మరీ వేరు. అక్కడ పైన మిగిలేది చర్మం, కాస్త కొవ్వు. దాచిపెట్టే పైకప్పే లేదు. మెత్తని ఇంప్లాంట్ అయితే ప్రతి ముడతా అచ్చు గుద్దినట్టు పైకి తేలొచ్చు, పైగా రొమ్ముకి ఆకారం మొత్తం ఇవ్వాల్సింది ఇంప్లాంటే. అందుకే అక్కడ బిగువైన జెల్ వైపు మొగ్గు ఉంటుంది, తోడుగా కొవ్వు ఎక్కించడమో, కణాలు తీసేసిన చర్మపు పొరతో ఇంప్లాంట్‌ని కప్పడమో చేస్తారు. సైజు పెంచుకోవడానికి చేయించుకున్న స్నేహితురాలి అనుభవం వీళ్లకి పనికిరాదు, వీళ్ల అనుభవం ఆమెకీ పనికిరాదు.

సైజు అత్యాశ మెత్తదనాన్ని ఎలా తింటుంది

ప్రతి ఛాతీకీ రొమ్ము వెడల్పు ఒకటుంటుంది, ఉదాహరణకి 12 సెంటీమీటర్లు. ఇంప్లాంట్ అడుగు వెడల్పు దాన్ని దాటకూడదన్నది మొదటి సూత్రం. అదే వెడల్పులో ఎక్కువ సీసీలు (ఇంప్లాంట్ పరిమాణాన్ని ఇందులోనే చెప్తారు) కావాలంటే ముందుకి పొడుచుకొచ్చే హై ప్రొఫైల్ రకం తీసుకోవాలి. అంతే పరిమాణం జెల్ ఇరుకు అడుగు మీద ఎత్తుగా నిలబడాలి కాబట్టి హై ప్రొఫైల్‌వి చేతికి బిగువుగా తగులుతాయి, పైభాగం కూడా గుండ్రంగా ఎత్తుగా కనిపిస్తుంది. చాలామంది మెత్తని జెల్ ఎంచుకుని, తర్వాత సైజు రెండు మెట్లు పెంచమని అడుగుతారు. చర్మం సాగినంతా సాగి డోలు మీద తోలులా బిగుసుకున్నాక లోపల ఏ జెల్ ఉంటే ఏమిటి? తాకితే తగిలేది ఆ బిగువే. పెద్ద సైజు బరువుకి ఏళ్లు గడిచేకొద్దీ పైన కణజాలం పల్చబడుతుంది కూడా, అప్పుడు మొదట్లో కనిపించని ముడతలు, అంచులు కనిపించడం మొదలవుతుంది. మెత్తగా, సహజంగా ఉండాలి అన్నదే మీ మొదటి కోరిక అయితే జెల్ గురించి వాదించే బదులు యాభై సీసీలు తగ్గించుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

సహజం అన్న మాటకి కూడా ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. మల్లూచి, బ్రాన్‌ఫర్డ్ అనే ఇద్దరు సర్జన్లు 2012లో ప్రచురించిన విశ్లేషణలో, చూడ్డానికి బాగున్నాయనిపించే రొమ్ముల్లో చనుమొన గీతకి పైన 45 శాతం, కింద 55 శాతం నిండుదనం ఉందని తేల్చారు. అంటే కిందే కాస్త ఎక్కువ. కానీ కొందరికి పైభాగం నిండుగా, కాస్త ఉబ్బెత్తుగా ఉండటమే ఇష్టం, అందులో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ ఫొటో చూపించి మెత్తని జెల్ అడగడంలో ఉంది, ఎందుకంటే పైభాగపు నిండుదనం నిలబడాలంటే కాస్త బిగువు జెల్, లేదా బాగా నింపిన షెల్ కావాలి. ఇంటర్నెట్‌లో ఫొటోలు చాలావరకు ఆపరేషన్ అయిన మొదటి వారాల్లోవి, వాపు ఇంకా తగ్గకముందువి, అది కూడా గుర్తుంచుకోండి.

అసలైన గట్టిదనం జెల్‌ది కాదు

ఇంప్లాంట్ పెట్టించుకున్నాక రొమ్ము రాయిలా అయిపోయింది అని చెప్పేవాళ్ల మాట వినే ఉంటారు. దానికి కారణం దాదాపు ఎప్పుడూ జెల్ కాదు. శరీరం ఏ పరాయి వస్తువు చుట్టూనైనా ఒక మచ్చపొర కట్టుకుంటుంది, దాన్నే క్యాప్సూల్ అంటారు. అందరికీ వస్తుంది, రావాలి కూడా. కొందరిలో ఆ పొర మందమై కుంచించుకుపోయి ఇంప్లాంట్‌ని పిండేస్తుంది. అదే క్యాప్సులర్ కాంట్రాక్చర్. దాన్ని బేకర్ స్కేలు మీద నాలుగు మెట్లుగా చెప్తారు: ఒకటిలో రొమ్ము మామూలుగా మెత్తగా ఉంటుంది, రెండులో తాకితే కాస్త గట్టి, చూపుకి మామూలే, మూడులో గట్టితనంతో పాటు ఆకారం మారడం కంటికి తెలుస్తుంది, నాలుగులో నొప్పి కూడా. ప్రపంచంలోకెల్లా మెత్తని ఇంప్లాంట్ పెట్టినా మూడో మెట్టు వస్తే అది గట్టిదే, షేపూ పోయినట్టే.

కాబట్టి నిజంగా మెత్తదనం కావాలనుకునేవాళ్లు ఆరా తీయాల్సింది దీని గురించి. లోపల రక్తం నిలవకుండా చూడటం, చర్మం మీది బ్యాక్టీరియా ఇంప్లాంట్‌కి అంటుకోకుండా చూడటం, ఇంప్లాంట్‌ని వీలైనంత తక్కువ తాకడం, కోత ఎక్కడ పెడుతున్నారన్నది (చనుమొన చుట్టూ పెట్టేదాని కంటే రొమ్ము కింది మడతలో పెట్టే కోతకి ఈ విషయంలో పేరు మెరుగు), ఇవి ఆపరేషన్ గదిలో జరిగే పనులు. పొగ తాగడం మానేయడం మీ వంతు. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో కాంట్రాక్చర్ ప్రమాదం స్పష్టంగా ఎక్కువ. మీ పాత పేషెంట్లలో ఎంతమందికి కాంట్రాక్చర్ వచ్చింది, వస్తే ఏం చేస్తారు అని సర్జన్‌ని అడగడానికి మొహమాటపడకండి.

కోత గురించి ఇంకో మాట. జెల్ ఎంత బిగువైతే కోత అంత పొడుగు కావాలి, ఎందుకంటే బిగువు జెల్ ఇరుకు దారిలో నుంచి సాగి లోపలికి దూరలేదు. మచ్చ చిన్నగా ఉండాలని బలవంతంగా తోస్తే లోపల జెల్ చిట్లి, తర్వాత ఆకారంలో చిన్న గుంట కనిపించొచ్చు. చిన్న మచ్చ, బిగువు జెల్ రెండూ ఒకేసారి అడగకూడదు.

మరి దేన్ని తీసుకోవాలి అంటే

పైకప్పు మందంగా ఉంది, చర్మం ఓ మాదిరి బిగువుగా ఉంది, ఇంకాస్త నిండుదనం చాలు అనుకుంటే మెత్తని జెల్, నున్నటి గుండ్రటి ఇంప్లాంట్, మధ్యస్థ ప్రొఫైల్. దీంట్లో పెద్ద ఆలోచన లేదు. సన్నగా ఉండి ముడతల భయం ఉంటే మధ్య మెట్టు జెల్, బాగా నింపిన షెల్, కండరం కింద, సైజులో నిగ్రహం. ఇరుకు రొమ్ము, పునర్నిర్మాణం, పైభాగం నిండుగా నిలవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకి బిగువు జెల్, అది చేతికి కాస్త తెలుస్తుందన్న ఒప్పుకోలుతో. ఏది ఎక్కువ బాధపెడుతుంది, ముడత కనిపించడమా, గట్టిగా తగలడమా అని ఎవరికి వాళ్లే ముందు తేల్చుకోవాలి, అది డాక్టర్ చెప్పలేని జవాబు.

బిగువు జెల్ పగిలితే ఎక్కువగా చెదరదు, ఉన్నచోటే ఉంటుంది, అది దాని మేలు. అయితే సిలికోన్ ఏదైనా పగిలిన సంగతి బయటికి తెలియకపోవడం మామూలే, రొమ్ము సైజు తగ్గదు, నొప్పీ ఉండకపోవచ్చు. అందుకే ఇబ్బంది ఏమీ లేకపోయినా పెట్టించుకున్న 5-6 ఏళ్లకి ఒకసారి, ఆ తర్వాత 2-3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ సలహా. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని కూడా అదే చెప్తుంది: సైజు పెంచుకోవడానికి పెట్టించుకున్నవాళ్లలో 20 శాతం దాకా 8-10 ఏళ్లలోపు తీయించుకోవాల్సి వస్తోందని దాని మాట. 2021 అక్టోబర్ నుంచి అమెరికాలో ఇంప్లాంట్‌తో ఇచ్చే సమాచారంలో పెద్ద హెచ్చరిక, పేషెంట్‌తో చదివించి సంతకం తీసుకునే చెక్‌లిస్ట్ తప్పనిసరి చేసింది. ఆ చెక్‌లిస్ట్ ఎక్కడున్నవాళ్లైనా చదవొచ్చు, శాంపిల్ నొక్కి చూడటం కంటే దానికి పట్టే పావుగంట విలువైనది.

ఆపరేషన్ అయిన కొత్తలో ఇంప్లాంట్ పైకి ఎక్కి కూర్చుని, గట్టిగా, మీరు ఎంచుకున్నది ఇది కాదేమో అన్నట్టు ఉంటుంది. వాపు తగ్గి, చర్మం కాస్త సాగి, కండరం సడలి అది తన చోటికి దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, రెండు పక్కలూ ఒకే వేగంతో దిగవు కూడా. తప్పుడు జెల్ తీసుకున్నానేమో అన్న దిగులు ఎక్కువమందికి మొదలయ్యేది రెండో వారంలోనే. కానీ ఆరో నెల రాకముందు ఆ జెల్ మెత్తగా ఉందా, షేప్ నిలబడిందా అన్నది సర్జన్ కూడా చెప్పలేడు. ఆలోపు ఒక పక్క మాత్రమే బాగా వాచినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా, నొప్పి అకస్మాత్తుగా పెరిగినా అది సర్దుకోవడం కాదు, ఆ రోజే ఫోన్ చెయ్యాలి.